శరీరము చెప్పు సాక్ష్యము

మా పావగడలో శ్రావణ శనివారమునాడు శనిమహాత్ముని గుడియందు కాలు మోప చోటుండదు. కొన్నేండ్ల క్రిందట అట్టి శనివారమున మా ఇల్లాలు ఉపవాసముండి, వరుసలో మూడు గంటలు నిలిచి, హారతివేళ కూలబడినది. తెలివి వచ్చిన పిమ్మట, దేహము దూదివలె తేలినదనియు, ఎదుట వెలుగు తప్ప మరేమియు లేకుండెననియు చెప్పినది. డాక్టరుగారు రక్తములో చక్కెర తగ్గినదనిరి. అంతటితో ఆమె ఆ మాట ఎత్తుట మానివేసినది. ఆ మౌనము మమ్ము చాల దినములు బాధించినది. అందుచేతనే యు. జి. కృష్ణమూర్తిగారి సంభాషణల గ్రంథము ‘ది మిస్టిక్ ఆఫ్ ఎన్‌లైటెన్‌మెంట్’ (1982) శ్రద్ధతో చదివితిమి.

1918లో మచిలీపట్నమున పుట్టి, గుడివాడలో పెరిగి, బెంగళూరునకు తరచు వచ్చుచుండిన ఈ తెలుగువారు 2007లో ఇటలీలో కన్నుమూసిరి. 1967లో స్విట్జర్లాండులోని సానెన్‌లో, 49 ఏండ్లు నిండిన దినములలో, తమకు కలిగిన మార్పును వారు జ్ఞానోదయమనలేదు, విపత్తు అనిరి. అది కేవలము దేహమున జరిగినదని వారి వాదము. వినాళ గ్రంథులున్న తావుల వాపులు లేచెననియు, బాల్యముతో నిద్రించు థైమస్ గ్రంథి మరల మేల్కొనెననియు చెప్పిరి.

ఆ మాటలలో నిర్భయత్వమున్నది. శిష్యులను చేర్చుకొనలేదు, తమ మాటలపై హక్కును కోరలేదు. ఈ రెండును మెచ్చదగినవే. కాని ముప్పదియేండ్లు గుమాస్తాగిరి చేసిన మాకు, ఈ గ్రంథము జత కాగితములు లేని అర్జీవలె తోచినది. థైమస్ రోగనిరోధమునకు ముఖ్యమైన గ్రంథి యని 1961 నాటి పరిశోధనలతో తేలినది. దానికిని ఆ స్థితికిని లంకె యెట్లు కుదురునో ఆ సంభాషణలు తేల్చవు. వైద్యుల పదములు వాడినంతమాత్రమున అది వైద్యశాస్త్రమగునా?

పరీక్ష యన్నది వేరుగా నుండును. అదే 1961లో ఢిల్లీ అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థకు చెందిన ఆనంద్, ఛీనా, బలదేవ్ సింగ్ గారలు యోగుల మెదడు విద్యుత్తరంగములను నమోదుచేసి ప్రకటించిరి. సమాధిలో నున్నప్పుడు వెలుతురు, చప్పుడు, వేడి వీనిచేత ఆల్ఫా తరంగములు చెదరలేదు. ఇద్దరు 4 డిగ్రీల చన్నీటిలో 45 నిమిషములకు తక్కువ గాకుండ చేయి ముంచియుంచినను అంతే. యంత్రము ఇంతవరకు వ్రాసినది. ఆ వేళ వారు ఎవరి సన్నిధి నుండిరో వ్రాయలేదు. అది దాని పనియు కాదు.

ఈ చిక్కు మన నాట్యశాస్త్రమునకు కొత్త కాదు. రోమాంచము, కంపము, కన్నీరు మొదలగు ఎనిమిది సాత్త్విక భావములు అందున్నవి. భక్తుని ఒంట పొడసూపు గుర్తులే నటుని ఒంటను పొడసూపును. మా సీమలో హరిశ్చంద్ర పాత్రధారి యొకడు కాటిసీనులో ప్రతి ఆటకును నిజముగనే వెక్కి వెక్కి యేడ్చెడివాడు. తెరవెనుకకు పోయి వెంటనే బీడీ ముట్టించెడివాడు. (అగ్గిపెట్టె మేమందించిన రాత్రులును కలవు.) ఆ కన్నీరు కల్ల యని మేమెన్నడును అనుకొనలేదు.

చక్కెర తగ్గుట మా ఇల్లాలు ఏల కూలెనో చెప్పినది. ఆమె చూచిన వెలుగు ఎట్టిదో డాక్టరుగారు అడుగలేదు, మేమును అడుగలేదు. ఈ వ్యాసము వ్రాయుచు మొన్ననే అడిగితిమి. చేటలో కందిపప్పు ఏరుచు చాలసేపు చెప్పినది. ఇప్పుడు శనివారములందు రెండు అరటిపండ్లు తినియే గుడికి బయలుదేరుచున్నది.