నడిపొద్దు విసుగు: ఎవాగ్రియస్, కాసియన్

ఈజిప్టు ఎడారిలోని కెల్లియాలో తాపసిగా బతికి 399లో కన్నుమూశాడు ఎవాగ్రియస్. అదే ఎడారిలో కొన్నేళ్లు గడిపి, తర్వాత మార్సెయ్‌లో మఠాలు నెలకొల్పాడు జాన్ కాసియన్. సన్యాసిని పీడించే ఎనిమిది చెడు తలపుల జాబితా కాసియన్‌కు ఎవాగ్రియస్ నుంచే వచ్చింది. అయినా ఆయన పేరు ఎక్కడా ఎత్తడు. అప్పటికే అలెగ్జాండ్రియా బిషప్ థియోఫిలస్ ఎవాగ్రియస్ బాటలోని సన్యాసులను ఎడారి నుంచి తరిమేశాడు మరి.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవాల్సింది ఆరో తలపు దగ్గర, అంటే విసుగు దగ్గర. ఎవాగ్రియస్ ‘ప్రాక్టికోస్’లో పొద్దు కదలదు, పగలు యాభై గంటలంత సాగుతుంది. భోజనవేళకు ఇంకా ఎంతుందోనని సన్యాసి మాటిమాటికీ సూర్యుణ్ని చూస్తాడు. ఎవరైనా వస్తున్నారేమోనని తొంగిచూస్తాడు. ఆ చోటు మీద, చేతిలో పని మీద ఏవగింపు పుడుతుంది. ఇల్లూ అయినవాళ్లూ గుర్తుకొస్తారు. ఇంత కొద్ది మాటల్లో మనసును ఇంత దగ్గరగా పట్టుకున్న రచన నాకు మరొకటి కనబడలేదు.

కాసియన్ ‘ఇన్‌స్టిట్యూట్స్’ పదో భాగంలో ఈ బొమ్మనే పెద్దది చేస్తాడు. చాలాచోట్ల అది సాగతీతే. కానీ ఒక్కచోట గురువును దాటిపోయాడు. విసుగెత్తిన సన్యాసికి ఉన్నట్టుండి రోగుల్ని పరామర్శించాలనీ, దిక్కులేని భక్తురాలిని చూసి రావాలనీ అనిపిస్తుందట. గది విడిచి పారిపోవడానికి దయ కూడా సాకవుతుందని పసిగట్టడం మామూలు చూపుకు అందేది కాదు.

మందు దగ్గర దారులు వేరవుతాయి. కదలకుండా ఓర్చుకో, ఆ పోరు ముగిశాక ప్రశాంతత దానంతటదే వస్తుందంటాడు ఎవాగ్రియస్. కాసియన్ అపొస్తలుడైన పౌలు లేఖలు ముందు పెట్టుకుని, ఎవరి తిండి వాళ్లు కష్టపడి సంపాదించుకోవాలని పేజీలకు పేజీలు వాదిస్తాడు. కొత్తగా మఠం కట్టేవాడికి అది అవసరమే. కానీ ఆ వాదానికి ముగింపుగా ఆయన చెప్పిన కథ వేరే దారి పట్టింది. పౌల్ అనే ఎడారి తాపసికి ఖర్జూరాలూ, చిన్న తోటా తిండికి చాలు. ఊరు చాలా దూరం. చేసిన సరుకు మోయించే కూలి దాని వెలను మించిపోతుంది. అయినా రోజూ ఖర్జూరపాకులతో పని చేసి, గుహ నిండగానే ఏటా అంతా తగలబెట్టేవాడు. ఇక్కడ పని తిండి కోసం కాదు, మనసును గదిలో నిలిపి ఉంచడం కోసం. పేరెత్తని గురువు మాటకే కాసియన్ తిరిగి వచ్చాడు.