లంగరు, బంపరు

కచ్చులూరు దగ్గర గోదావరిలో 2019 సెప్టెంబరు 15న మునిగిన రాయల్ వశిష్ఠ బోటును, కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటకు తీసిన వైనం గోదావరి జిల్లాల్లో అందరికీ గుర్తే. భీమవరం చెరువు గట్ల మీద తిరిగే జీపుకు, వెల్డింగ్ షాపులో చేయించిన బంపరు మీద, డ్రమ్ముకు రోప్ చుట్టుకుంటూ లాగే వించ్ బిగించడం మాత్రం ఎవరి కంటా పడని పని. రెండింటిలోనూ ఉన్నది ఒకటే కోరిక: దిగబడిపోయినదాన్ని లాగడం.

నదిలో పని అనుభవం మీద సాగింది. బోటు కంటికి కనబడదు, వరద ఆగదు. ఇనుప రోప్‌కు లంగరు కట్టి దింపడం, తగులుకుందనిపిస్తే గట్టు మీది ప్రొక్లెయినర్‌తో లాగించడం. వించ్ పని అలా కాదు, అది లెక్కతో మొదలవుతుంది. బండి నిండు బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగగలగాలి. 2,500 కిలోల జీపుకు 3,750 కిలోలు చాలు, కాబట్టి 9,500 పౌండ్ల వించ్, అంటే సుమారు 4,300 కిలోలది, సరిపోతుంది. అయితే ఆ బలం డ్రమ్ము మీది మొదటి వరుసకే చెల్లుతుంది. చుట్లు పెరిగేకొద్దీ తగ్గుతుంది.

ఇంకో తేడా ఉంది. కచ్చులూరులో యంత్రం గట్టున నిలబడితే బరువు దాని దగ్గరికి వచ్చింది. జీపులో యంత్రం బరువు మీదే కూర్చుని, తనను తాను ముందుకు ఈడ్చుకుంటుంది. అందుకని ముందు ఒక పట్టు కావాలి. కొబ్బరిచెట్టుంటే వెడల్పాటి పట్టీ చుట్టి కొక్కెం తగిలిస్తారు. చెట్టే లేని గట్టు మీద స్పేర్ టైరు గొయ్యి తీసి పాతుతారు. పడవల వాళ్ల పాత కప్పీ కూడా ఇక్కడ పనికొస్తుంది: దాన్ని ముందున్న పట్టుకు తగిలించి, రోప్‌ను దాని మీదుగా తిప్పి మళ్లీ జీపుకే కడితే లాగుడు దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది.

రెండూ కలిసే చోటు రెయిలింగ్. నదిలో ఒకసారి లంగరు బోటు రెయిలింగ్‌కు చిక్కింది. లాగితే రెయిలింగ్ ఊడి వచ్చింది, బోటు అక్కడే ఉండిపోయింది. తర్వాత విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీళ్లలోకి దిగి, రోప్‌లను బోటుకే కట్టాక పని తెమిలింది. బంపరుదీ అదే కథ. పల్చటి రేకుకు వెల్డింగ్ పెట్టి వించ్ తగిలిస్తే బంపరు వస్తుంది, జీపు రాదు. కింద కనీసం 6 మి.మీ. మందం ప్లేటు ఉండాలి. అది వెనక్కి సాగి రెండు ఛాసిస్ పట్టీలనూ గట్టి బోల్టులతో పట్టుకోవాలి. లాగుడు బోల్టును పీకేలా కాక, అడ్డంగా కోసేలా పడేటట్టు బిగించడం మంచిది. రోప్ వంకరగా లాగినా ప్లేటు మెలిపడకుండా పక్కలకు దన్ను ఇవ్వాలి.

తెగే ప్రమాదం కూడా రెండు చోట్లా ఉంది. నదిలో మొదట్లోనే ఇనుప రోప్ తెగింది. జీపు ముందు తెగితే అది నేరుగా మనుషుల మీదికే విసురుగా వస్తుంది. అందుకే రోప్ ఊడిరాకుండా డ్రమ్ము మీద కనీసం అయిదు చుట్లు మిగల్చాలి, రోప్ నడుమ తడిగోనె వేయాలి, చుట్టుపక్కల ఎవర్నీ నిలబడనివ్వకూడదు. సింథటిక్ రోప్ తేలిక, తెగినా అంత విసురు ఉండదు. కానీ ఎండకూ ఇసుకకూ త్వరగా అరుగుతుంది.

ఇక చట్టం. క్రాష్ గార్డులు, బుల్ బార్లపై చర్య తీసుకోమని కేంద్ర రవాణాశాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు రాసింది. ఇలాంటి బంపరూ ఆ కోవలోకి రావచ్చు, కాబట్టి రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకున్నాకే కొలతలు తీయించండి.

సత్యం బృందం ఓర్పు, వించ్ లెక్క రెండూ గొప్పవే. కానీ లాగేది ఎంత బలమైనదైనా, పట్టు వెన్నెముకకు పడాలి. మోటారుకు డబ్బు పెట్టే ముందు ఛాసిస్ బోల్టులకు పెట్టండి.