పరీక్షించే పని ఎవరిది?

బ్యాంకు కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పమంటే, ఆర్పలేనివాళ్లు ఏం చేయాలి? యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ ఈ ప్రశ్నతోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2025 ఏప్రిల్ 30న తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనంది కోర్టు. బ్యాంకుల వంటి సంస్థలు యాప్‌గానీ వెబ్‌సైట్‌గానీ తయారుచేసేటప్పుడు, పరీక్షించే దశలోనే చూపులేనివారిని కలుపుకోవాలనీ ఆదేశించింది.

వెబ్‌సైట్లు పరీక్షించడమే నా వృత్తి కాబట్టి ఆ చివరి మాట విలువ నాకు తెలుసు. చూపులేనివారి కోసం ఫొటోకు వివరణ రాశారా లేదా అన్నది సాఫ్ట్‌వేర్ క్షణంలో చెప్పేస్తుంది. రాసింది అర్థవంతంగా ఉందో లేదో దానికేం పట్టదు.

అల్లవరంలో చూపులేని మిత్రుడొకరు ఫోన్లో తెరమీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని చకచకా పని చేసుకుంటారు. ఒక సైటులోని ప్రకటన ఆయనకు పంపాను. "ఇది తెలుగేనంటారాండీ? నా ఫోను ఏదో గొణుగుతోందండీ" అన్నారు. కంటికది చక్కటి తెలుగే. కానీ ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లో టైపు చేశారు. పైకి కనిపించే ఆకారాలే తెలుగు, లోపలున్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఫోను వాటినే చదువుతుంది. యూనికోడ్‌లో కొడితే ఈ బెడద లేదు. కాగితాన్ని స్కాన్ చేసి పెడితే ఆ గొణుగుడు కూడా వినిపించదు.

అలాగని ఆయనొక్కరు చూస్తే సరిపోదు. చూపు మందగించినవారు అక్షరాలు రెండింతలు చేస్తే పేజీ చెదురుతుందేమో చూడాలి. చేతులు వణికేవారు మౌస్ ముట్టకుండా, కీబోర్డుతోనే ఫారం నింపగలగాలి. వినిపించనివారికి వీడియో కింద అక్షరాలుండాలి. వీటిలో ఏది తడబడినా ముందుగా పట్టేది ఆ ఇబ్బంది రోజూ పడేవారే.

ఈ పనిని సాయంగా అడగడం నాకు నచ్చదు. లక్షలమంది ఉచితంగా వాడుకుంటున్న ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ను 2006లో మొదలుపెట్టిన మైకేల్ కరన్ చూపులేనివాడే. నైపుణ్యానికి కూలి కట్టివ్వాలి.

పంచాయతీ నుంచి సచివాలయం దాకా, సైటు తయారీ ఒప్పందంలో ఒక షరతు చేరిస్తే చాలు: వికలాంగులు పరీక్షించి సరేనన్నాకే ఆఖరి బిల్లు. అప్పుడు చూడండి, గుత్తేదారే వాళ్లను వెతుక్కుంటూ వస్తాడు.