వేడికి ఓర్చిన బూజు

దుమ్ముగూడెం బళ్లో నేను సామాన్యశాస్త్రం చెప్పిన రోజుల్లో, తొలకరి పడగానే పిల్లలు టేకాకుల్లో పుట్టగొడుగులు చుట్టుకొచ్చేవారు. చెదపురుగులు పుట్టలోపల బూజును సాగు చేస్తాయనీ, మనం కూర వండుకునేది ఆ పంటేననీ చెప్పేవాణ్ణి. ఏ పుట్ట మీద ఎప్పుడు గొడుగులు విచ్చుకుంటాయో మాత్రం కోయగూడేల పిల్లలే నాకు నేర్పారు. వాళ్లలో ఒకమ్మాయి ఇప్పుడు పగడాల్లోని శిలీంధ్రాల మీద తెలుగులో పుస్తకం రాసి, "మాస్టారూ, నాలుగు మాటలు రాయండి" అంటూ నా చేతిలో పెట్టింది. తప్పులు దిద్దుదామని తీసిన పెన్సిలు పదో పేజీకే పక్కన పెట్టేశాను.

పగడం ప్రాణి. దాని ఒంట్లో కాపురముండే నాచు ఎండను పట్టి తిండి వండి పెడుతుంది. సముద్రం మామూలు వేసవికన్నా ఒక్క డిగ్రీ ఎక్కువ కాగి, కొన్ని వారాలు అలాగే ఉంటే చాలు, నాచులో కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పెచ్చుమీరతాయి. పగడం దాన్ని వెళ్లగొట్టి తెల్లబారిపోతుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లలో జరిగిందిదే. పగడాల్లోనే ఉండే బూజుల్లో కొన్ని ఆ వేడిని ఓర్చుకుంటాయి. మెలనిన్ వంటి రంగులు, ఫినాల్ పదార్థాలు, కెటలేజ్ వంటి ఎంజైములు వాటికి కాపు. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో చంద్రలత రఘుకుమార్ బృందం వెతికినప్పుడు, జబ్బుపడ్డ పగడాల్లోనే కాదు, ఆరోగ్యంగా ఉన్నవాటిలోనూ శిలీంధ్రాలు దొరికాయి.

నాకు బాగా నచ్చింది ఈ కాపును కొలిచే పరీక్ష గురించి రాసిన అధ్యాయం. డీపీపీహెచ్ అనే ఊదారంగు ద్రావణంలో బూజు సారం కలుపుతారు. అందులో ఫ్రీ రాడికల్స్‌ను అణిచే యాంటీఆక్సిడెంట్ గుణముంటే ఊదా విరిగి పసుపు తేలుతుంది. ఎంత విరిగిందో యంత్రం కొలుస్తుంది. అక్కడితో ఆగి ఈ అమ్మాయి నిజం చెప్పింది: గాజుగొట్టంలో రంగు మారితే మందు దొరికినట్టు కాదు. సార్డీనియా తీరంలో మురుగునీరు సముద్రంలో కలిసేచోట బ్రోట్జు అనే శాస్త్రవేత్త 1945లో పట్టుకున్న బూజు నుంచి సెఫలోస్పోరిన్ మందులు రోగులకు చేరడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. బూజు చేసే కీడునూ దాచలేదు. కరీబియన్‌లో సముద్రపు విసనకర్రలనే పగడాలను తినేసిన ఆస్పర్జిల్లస్ సిడోవీ నేలమీది మట్టిలోనూ ఉండేదే.

మన గోదావరి అడవి ఆకును కోరింగ మడచెట్లదాకా మోసుకుపోతుంది. ఆ డెల్టా మడ అడవుల శిలీంధ్రాలను శర్మ, విట్టల్ అనే పరిశోధకులు లెక్కగట్టి 2001లో ప్రచురించారు. కాబట్టి సముద్రపు బూజుల సంగతి మనకు పరాయిది కాదు.

రెండో ముద్రణకు ఒక్కటి అడుగుతున్నానమ్మా. ఏరు దాటితే మణుగూరు పక్కన పగిడేరులో బోరులోంచి వేడినీళ్లు ఉబికి వస్తాయి కదా, ఆ తడిమట్టిలో ఏ బూజులు బతుకుతున్నాయో చూసి ఒక అధ్యాయం చేర్చు. సీసాలు మోయడానికి మన బడి పిల్లలున్నారు.