గనికంటే ముందు వచ్చిన కొలత

తిరువళ్లూరు జిల్లా కాట్టుపల్లి, మీంజూరు వైపు బావుల్లోకి సముద్రం చొరబడితే నాలుకే చెప్పేస్తుంది. చెన్నై కోసం, ఫ్యాక్టరీల కోసం, పొలాల కోసం ఏళ్ల తరబడి తోడేసరికి ఉప్పునీరు లోలోపలికి జరిగింది. యురేనియం అలా బయటపడదు. దానికి రుచి లేదు, రంగు లేదు, వాసన లేదు. గ్లాసులో ఉన్నా తాగేవాడికి తెలియదు. అలాంటిదాన్ని బావి బావికీ వెళ్లి పట్టుకున్న పని ఒకటి నల్లగొండ జిల్లాలో జరిగింది. చేసినవాళ్లు చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం భూగర్భ శాస్త్రజ్ఞులు.

నాగార్జునసాగర్ జలాశయం దాపున లంబాపూర్, పెద్దగట్టు ఉన్నాయి. అక్కడ పాత గ్రానైట్ మీద కడప బేసిన్ రాళ్లు పరుచుకున్నాయి. ఆ రెండూ కలిసే అంచునే యురేనియం ఖనిజం చేరింది. గని తవ్వుతామన్నారు. 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే జనం గట్టిగా వ్యతిరేకించారు. గని రాలేదు. కె. బృంద, ఎల్. ఇలంగో, వారి సహచరులు మాత్రం 2008 మార్చి నుంచి ఆ ప్రాంతంలోని 44 బావుల నీటిని రెండు నెలలకోసారి పరీక్షించారు.

ఈ పనిలో నన్ను కట్టిపడేసింది ఆ వరస. ఒక్కసారి సీసా నింపుకొచ్చి అంకె చెప్పడం సులువు. కానీ మే నెలలో అడుగంటిన బావీ, అక్టోబరులో వాన నీరు ఊరిన బావీ ఒకటి కావు. అవే బావులకు, అదే ఎడంతో, నీటిమట్టం కూడా కొలుస్తూ తిరిగితేనే ఆ నీటి సహజమైన హెచ్చుతగ్గులు చేతికొస్తాయి. రేపు గని వస్తే, పెరిగిన అంకె గనిదో రుతువుదో తేల్చడానికి ఇంకో దారి లేదు.

బావి దగ్గర చేయాల్సిన పని చాలా ఓపికది. బోరయితే గొట్టంలో నిలిచిన నీరు పోయేదాకా పంపు ఆడించాలి. పీహెచ్, విద్యుత్ వాహకత, ఆక్సీకరణ-క్షయకరణ విభవం అక్కడికక్కడే చూడాలి, ఎందుకంటే గాలి తగిలిన నీరు మారిపోతుంది. ఆ విభవాన్ని వదిలేస్తే యురేనియం కథే అర్థం కాదు. ఆక్సిజన్ అందే నీటిలో అది కార్బొనేట్‌తో జతకట్టి కరిగి నడుస్తుంది. ఆక్సిజన్ లేని చోట చాలావరకు రాతినే అంటిపెట్టుకుంటుంది. ల్యాబులో నమూనా మీద లేజర్ కాంతి పడితే యురేనియం ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ వెలుగును కొలిచి మోతాదు చెబుతారు. శతకోటి భాగాల్లో ఒక భాగం (ఒక పీపీబీ) కంటే తక్కువున్నా దొరుకుతుంది.

2011లో వచ్చిన వారి వ్యాసం ప్రకారం ఆ బావుల్లో యురేనియం 0.2 నుంచి 68 పీపీబీ దాకా ఉంది, సగటు 18.5. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పెట్టిన 30 పీపీబీ హద్దును 21.6 శాతం నమూనాలు దాటాయి. నీటిమట్టం, పీహెచ్, విభవం మారినప్పుడల్లా యురేనియమూ మారింది. చెరువుల పక్క బావులనూ వాళ్లు వదల్లేదు. యురేనియం ఉన్న ఖనిజాల మట్టి ఆ చెరువుల్లో చిక్కుకుంటోందని గుర్తించారు. చెరువు మీద బతికే ఊళ్లకు ఇది చిన్న మాట కాదు.

ఒక్క పార పడకముందే ఇంత ఉందంటే, ఇచ్చింది ఆ గ్రానైటే. ఈ నిజం రెండు వైపులా పదునైనదే. గని వస్తే, ప్రతి మైక్రోగ్రామునూ దాని నెత్తిన వేయడం కుదరదు. అంతా రాతిదేనని గనివాళ్లు చేతులు దులుపుకోవడమూ కుదరదు. నీటిలోని ఫ్లోరైడ్‌తో తరాలుగా ఎముకలు వంకరపోయిన జిల్లా ఇది. అదే బృందం ఫ్లోరైడ్‌నూ విడిగా చూసింది.

ఆ కొలతల నాటికి మన అణుశక్తి నియంత్రణ మండలి తాగునీటిలో యురేనియానికి పెట్టిన హద్దు 60 పీపీబీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011 నుంచి చెబుతున్నది 30. ఈ రెండింటి మధ్య పడ్డ బావి నీటిని తాగమనాలా వద్దనాలా? తాగవద్దనే నేనంటాను. ఏ బావిది ఏ అంకో, అది ఏ నెలలో పెరుగుతుందో, ఆ నీళ్లు తోడుకునే ఇళ్లకు తెలుగులో చెప్పాల్సిన పని పంచాయతీలది, జిల్లా యంత్రాంగానిది.