వలస కార్మికులు, అంటువ్యాధులు: ఒక విమర్శ

హైదరాబాదునకు ఉత్తరమున కీసర, శామీర్‌పేట ప్రాంతములలో ఇటుక బట్టీలు కలవు. దసరా దాటిన పిమ్మట ఒడిశా నుండి కుటుంబములు పిల్లాపాపలతో వచ్చి, వానలు మొదలగువరకు ఇచట పనిచేసి, తిరిగి స్వగ్రామములకు పోవుచుందురు. పేర్లు అచటి పట్టికలలో నుండును. మనుష్యులు ఇచట నుందురు. అంటువ్యాధుల నివారణలో అసలు చిక్కు ఇదియే.

ఇట్టివారి విషయమున సాధారణముగా తోచు ఉపాయము సరిహద్దున కాపలా: నుదుటియొద్ద ఉష్ణమాపకము నుంచి, జ్వరము లేనివారిని వదలుట. దీనికి శాస్త్రబలము స్వల్పము. క్రిమి దేహమున ప్రవేశించుటకును, జ్వరము కనబడుటకును నడుమ కొంత కాలము గడచును. కోవిడ్ విషయమున ఈ వ్యవధి 14 దినములవరకు ఉండవచ్చును. లక్షణములు కనబడకముందే అది ఇతరులకు సోకుటయు కలదు. పోలియో సోకినవారిలో సుమారు 200 మందికి ఒకరికి మాత్రమే శాశ్వతమైన పక్షవాతము కలుగును. తక్కినవారు వ్యాధిని మోయుచున్నట్లు చూచువారికి తెలియదు.

ఇంతకన్న మేలైన మార్గము మన దేశమునకు తెలియనిది కాదు. పల్స్ పోలియో కార్యకర్తలు ఇటుక బట్టీలకు, కట్టడపు పనులు జరుగు చోట్లకు, సంచారజాతుల గుడారములకు వేరుగా పట్టికలు వ్రాసికొనిరి. బస్సు స్టాండులలోను, రైల్వే స్టేషనులలోను చుక్కలు వేసిరి. 2011 జనవరి తరువాత దేశమున సహజ పోలియో వైరసు వలన ఒక్క రోగియు కనబడలేదు. 2016లో హైదరాబాదు మురుగునీటిలో, టీకామందునుండి రూపాంతరము చెందిన రెండవ రకపు వైరసు బయటపడినది. వెంటనే జూన్ నెలలో హైదరాబాదు జిల్లాలోను, నాడు కీసర చేరియుండిన రంగారెడ్డి జిల్లాలోను, ప్రమాదము హెచ్చుగానున్న చోట్ల మూడు లక్షలకు పైగా పిల్లలకు సూదిమందు ఇచ్చిరి. మోతాదులో అయిదవ వంతునే చర్మములోనికి ఎక్కించి, కొరతగానున్న మందును ఎక్కువమందికి అందించిరి.

2020 మార్చి 24 రాత్రి ప్రకటించిన లాక్‌డౌనులో ఈ పాఠము మరుగున పడినది. నాలుగు గంటల వ్యవధిలో రాకపోకలు నిలిచిపోయినవి. ఇంటనే యుండుడన్న ఆజ్ఞ, ఇల్లు దూరమైనవారికి ఎట్లు వర్తించునో తగినంతగా ఆలోచింపబడలేదు. మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు పోవు రహదారిపై కార్మికులు కాలినడకన పోయిరి. లింగంపల్లి నుండి ఝార్ఖండులోని హటియాకు సుమారు 1,200 మందితో తొలి శ్రామిక రైలు బయలుదేరినది మే 1వ తేదీన. అనగా అయిదు వారములు దాటిన పిదప.

నాడు వ్యాధి క్రొత్తది, టీకా లేదు, రాకపోకలు తగ్గించుట అవసరమే యనవచ్చును. నిజమే. కాని ఏ బట్టీలో ఎందరున్నారో, ఏ ఊరివారో తెలిసికొనుటకు టీకా అక్కరలేదు. ఆ పట్టికను రెండు రాష్ట్రములును పంచుకొని, కుటుంబముతోపాటు పిల్లల టీకా కార్డు కూడ ప్రయాణము చేయునట్లు చూడవలెను. బట్టీ పిల్లలను బడిలో చేర్చుకొనిన ఉపాధ్యాయుని హాజరుపట్టీ ఈ పనికి తొలి పుట కాగలదు. సరిహద్దున నిలిచి జ్వరము కొలుచుటకన్న, పనిచోటికి పోయి మనుష్యులను లెక్కించుట వ్యాధి నివారణకు దగ్గరి దారి.