చలించు కెమెరా, నిలిచిన ముఖము

ఛాయాచిత్రకళ పుట్టిననాటినుండి నిశ్చలత్వమే దాని మొదటి ధర్మముగా ఎంచబడినది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆస్థానమున రాజా దీనదయాళ్ తీసిన చిత్రములలో ప్రభువులును, పరివారమును, భవనములును ఒకే తీరున నిలిచియుండుట చూడవచ్చును. చేయి వణకినచో బొమ్మ చెడినట్లే. ఆ దోషమునే గుణముగా మార్పబూనిన పద్ధతి యొకటి 20వ శతాబ్దమున రూపొంది నేడు విస్తారముగా వ్యాపించినది. షట్టరు తెఱచియున్న కొద్దిపాటి వ్యవధిలో ఛాయాగ్రాహకుడు బుద్ధిపూర్వకముగా కెమెరాను కదల్చును. వస్తువు నిలిచియుండగా చూపు కదలును. రూపము కరగి రంగుల చారగా మిగులును. ఇది కళయా, కనికట్టా అను ప్రశ్నకు మధ్య అండమానులోని రంగత్ మంచి పరీక్షాస్థలము.

ఈ మార్గమునకు పూర్వులు లేకపోలేదు. అలెక్సీ బ్రోడోవిచ్ 1945లో వెలువరించిన ‘బాలే’ గ్రంథమున నర్తకుల రూపములు చెదరి, మసకబారి, నృత్యపు ఊపును చూపినవి. ఎర్నెస్ట్ హాస్ 1950ల దశాబ్దమున స్పెయిను దేశపు ఎద్దుల పోరును మందగతి షట్టరుతో రంగులలో తీసెను. అయితే వారి యెదుట వస్తువే చలించుచుండెను. నేటి సాధకుడు నిలిచియున్న చెట్టునకు చలనమును తానే యిచ్చుచున్నాడు. కావున బాధ్యత యంతయు అతనిదే.

పద్ధతియందొక నియమము కలదు. కెమెరా ఏ దిక్కునకు కదలునో ఆ దిక్కున సాగు రేఖలు నిలుచును. వానికి అడ్డముగా నున్నవి కరగిపోవును. 1/4 సెకను సేపు కెమెరాను నిలువుగా జార్చినచో పోకచెట్ల కాండములు నిలిచి, ఆకులు పచ్చని పొగవలె వ్యాపించును. అడ్డముగా త్రిప్పినచో సముద్రమును ఆకాశమును పట్టెలు పట్టెలుగా విడివడును.

రంగత్ చెంతనున్న ఆమ్‌కుంజ్ తీరమున ఈ రెండవ ప్రయోగము సులభముగా ఫలించును. సులభముగా ఫలించుటయే అందలి లోపము. నీలము, బూడిద, తెలుపు అను మూడు పట్టెలు మిగిలిన ఆ చిత్రము భీమునిపట్నముదైనను కావచ్చును, మఱి యే తీరముదైనను కావచ్చును. ఆమ్‌కుంజ్‌కు తనదనదగిన రాళ్ళు అందు కానరావు. ధనీనాల కడ పరిస్థితి వేరు. అచ్చట మడ అడవి నడుమ 700 మీటర్లకు పైబడిన కొయ్య నడకదారి కలదు. కోరంగి మడలను చూచిన తెలుగు పాఠకునకు ఆ వేళ్ళ తీరు క్రొత్త కాదు. అవి విల్లువలె వంగి, ఒకదానితో నొకటి పెనవేసికొని, బురదలో దిగబడియుండును. నిలువు కదలికకును అవి లొంగవు, అడ్డపు కదలికకును లొంగవు. పోకతోటలో అందమిచ్చిన చేతివాటము ఇచ్చట బురదముద్దను మాత్రమే యిచ్చును. వేరు వంపును అనుసరించి చేయియు వంపు తిరిగినప్పుడే ఆ అల్లికకు ప్రాణము వచ్చును. అనగా అడవిని ముందుగా చూడవలెను. చేయి పిమ్మట కదలవలెను. మంచి చిత్రమునకును, యాదృచ్ఛికముగా పడిన మరకకును గల భేదమిదియే.

అండమానులలో ఈ చర్చకు మఱింత లోతైన ప్రసక్తి కలదు. ఈ దీవులలో కెమెరా తొలిచరిత్ర నిశ్చలత్వమును మనుష్యులపై రుద్దిన చరిత్ర. 1890 ప్రాంతమున బ్రిటిషు అధికారి మారిస్ విడాల్ పోర్ట్‌మన్ అండమాను ఆదివాసులను నలుపు తెలుపు గళ్ళ తెరముందు నిలువబెట్టి చిత్రములు తీసెను. శరీరమును కొలుచుటకు ఆ గళ్ళు. ఆతని దృష్టిలో మానవశాస్త్రమునకు కావలసినది కచ్చితత్వమే గాని సొగసు కాదు. ముఖము స్పష్టముగా పడినది. మనిషి మాత్రము జాతికి మచ్చుతునక యయ్యెను.

స్పష్టతయే హింసకు సాధనమైన చోట మసకయే విమోచనము కాదా యని కెమెరాను కదల్చువారు వాదింపవచ్చును. వాదము బలమైనదే, కాని సగము సత్యము. రంగత్ బజారును పరికింపుడు. దేశవిభజనానంతరము తూర్పు బెంగాలును వీడి, 1950ల దశాబ్దమున మధ్య అండమానులో కుదురుకొన్న నిర్వాసితుల సంతతి ఈ ప్రాంతమున కలదు. ఆ బజారుపై కెమెరాను ఒక్క విసరున త్రిప్పినచో చీరల ఎరుపును, చేపల వెండి మెఱుపును మిగులును; అమ్ముచున్న స్త్రీ మిగులదు. గళ్ళ తెర ఆమెను అంకెగా మార్చియుండెడిది. ఈ విసరు ఆమెను రంగుగా మార్చును. రెండింటను పోయినది ఆమెయే. ఒకమారు ఊరు పోగొట్టుకొన్నవారి రూపమును మఱల పోగొట్టుట కళకు గౌరవము కాదు.

రంగత్‌కు పోవు ట్రంకు రోడ్డు జారవాలకై ప్రత్యేకింపబడిన అడవి గుండా సాగును. అచ్చట వారి చిత్రములు తీయుట నిషిద్ధము; 1956 నాటి ఆదిమజాతుల రక్షణ నిబంధనను 2012లో సవరించి శిక్షలను కఠినము చేసిరి. బొమ్మ మసకగా నున్నదను కారణమున ఆ నిషేధము సడలదు. విమర్శయు ఈ మాటనే చెప్పవలెను: అనుమతిలేని చూపు కదలినంతమాత్రమున నిర్దోషి కాజాలదు.

మనుష్యుల యెడ ఈ పద్ధతి బొత్తిగా పనికిరాదని దీని భావము కాదు. దీవులలో తెలుగు మత్స్యకారులు చిరకాలముగా నున్నారు. వల విసరు జాలరి భుజముతోపాటు కెమెరాయు అదే వేగమున తిరిగినచో సముద్రము చెదరును, ఒడ్డు చెదరును. అతని ముఖము నిలుచును. అట కదలిక మనిషిని చెఱపదు, అతని పనిని చూపును. కెమెరా నిలిచియున్నచో ఈ చిత్రమున ఏమి లోపించెడిదని అడిగి చూడవలెను. జాలరి చిత్రమున అతని శ్రమ లోపించెడిది. మడ చిత్రమున ఆ పెనవేత లోపించెడిది. బజారు చిత్రమున నైతే లోపించెడిది ఏదియు లేదు. మీదుమిక్కిలి, ఒక స్త్రీ ముఖము దక్కియుండెడిది.